ఇరుంగట్టుకోట్టైలో మొదటి రేస్ వీకెండ్: ఆర్15 వీ3తో ఏమేం చూసుకోవాలి?

నెల్లూరు155:
అన్నలందరికీ నమస్కారం. చెన్నై ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో నోవిస్ 165 సీసీ స్టాక్ క్లాసుకి (కొత్తవాళ్లు కంపెనీ బండిని పెద్దగా మార్చకుండా నడిపేది) ఎంట్రీ కట్టాను. బండి యమహా ఆర్15 వీ3, బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) మోడల్. ట్రైనింగ్, ఎఫ్ఎమ్ఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసుల సమాఖ్య) లైసెన్సు, మెడికల్ ఫారం అన్నీ అయ్యాయి. ట్రాక్ డేల్లో తిప్పాను గానీ గ్రిడ్ మీద (రేసు స్టార్ట్ వరసలో) నిలబడటం ఇదే మొదలు. టీమూ లేదు, మెకానిక్కూ లేడు. మా బావ తోడొస్తాడు, స్పానర్ పట్టడం వచ్చు.

స్క్రూటినీలో (రేసుకి ముందు చేసే తనిఖీలో) బండిని దేనికి వెనక్కి పంపుతారు? టైర్లలో గాలి ఎంత పెట్టాలి? స్టార్ట్, మొదటి మలుపు ఎలా తీసుకోవాలి? బావ చేత ఏ పనులు చేయించాలి?

సేఫ్టీవైర్_08:
తమ్ముడూ, ముందు ఆ ఈవెంట్ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ (ఆ రేసుకి రాసిన నియమాలు) ప్రింటు తీసుకుని, నీ క్లాసులో ఏం మార్చొచ్చో ఏం మార్చకూడదో గీతలు గీసుకో. స్టాక్ అన్నాక రాసి ఉన్నదే చేయాలి. రాయనిది వదిలెయ్.

అద్దాలు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు, సారీ గార్డు, వెనక ఫుట్‌రెస్టులు, సైడ్ స్టాండ్ అన్నీ తీసెయ్. హెడ్‌లైట్, టెయిల్ లైట్ గాజు తీయనివ్వకపోతే మొత్తం టేపు వెయ్, పడితే ముక్కలు ట్రాక్ మీద చెల్లాచెదురు కాకూడదు. నీది బీఎస్6 కాబట్టి సైడ్ స్టాండ్‌కి స్విచ్ ఉంటుంది. స్టాండుతో పాటు దాన్నీ పీకేస్తే గేర్ వెయ్యగానే ఇంజిన్ ఆగిపోతుంది. సర్వీస్ మాన్యువల్లో వైరింగ్ చూసి కనెక్టర్ దగ్గర సరిచేసుకో. ఈ పని ఇంట్లోనే కావాలి, ప్యాడాక్‌లో (ట్రాక్ దగ్గర బండ్లు సిద్ధం చేసుకునే చోట) పెట్టుకోకు. ఇక బండి నిలబడాలంటే వెనక ప్యాడాక్ స్టాండ్ తప్పనిసరి.

మొదటిసారి వచ్చేవాళ్లు ఎక్కువగా తిప్పలు పడేది లాక్‌వైర్ దగ్గర, అంటే బోల్టు ఊడకుండా కట్టే సన్న తీగ. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్లర్ క్యాప్, ఫిల్టర్ కవర్ బోల్టులు, ముందు క్యాలిపర్ బోల్టులకు వైర్ ఉండాలి. బోల్టు తలకి 1.5 మి.మీ. డ్రిల్ బిట్‌తో, ఒక పలక నుంచి పక్క పలకకి మూల గుండా బెజ్జం వెయ్. అంచుకి మరీ దగ్గరగా వేస్తే వైర్ బిగించేటప్పుడు ఆ మూల తెగి ఊడొస్తుంది. కోబాల్ట్ బిట్, తక్కువ స్పీడు, కటింగ్ ఆయిల్ వాడు. స్పీడు పెంచితే బిట్ లోపలే విరుగుతుంది, అప్పుడు బోల్టూ పోతుంది. రెండు మూడు బోల్టులు అదనంగా కొనిపెట్టుకో. వైర్ 0.8 మి.మీ. స్టెయిన్‌లెస్, సెంటీమీటరుకి మూడు మెలికలు. అంతకన్నా బిగిస్తే వైరే తెగుతుంది. వైర్ లాగే దిక్కు బోల్టు బిగిసే వైపు ఉండాలి. తిరగేసి కడితే వైర్ ఉన్నా లేనట్టే, స్క్రూటినీర్ చూడగానే పట్టేస్తాడు. బోల్టుని టార్క్ రెంచ్‌తో బిగించాకే వైర్ కట్టాలి.

కూలెంట్ పూర్తిగా వంచేసి రెండుసార్లు కడిగి డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. గ్లైకాల్ తారు మీద పడితే నూనె పోసినట్టే, త్వరగా ఆరదు కూడా. వెనకాల వచ్చేవాడు దాని మీదే పడతాడు. వీకెండ్ అయ్యాక మళ్లీ కూలెంట్ పోసుకో, ఉత్త నీళ్లతో వదిలేస్తే రేడియేటర్‌లో తుప్పు మొదలవుతుంది. ఇంజిన్ ఆవిరి బయటికొచ్చే బ్రీదర్ పైపుని, కారే నూనె పట్టే క్యాచ్ క్యాన్‌లో పెట్టు, అర లీటరుది చాలు. స్క్రూటినీకి వెళ్లేటప్పుడు అది ఖాళీగా ఉండాలి.

ఇవి కాక: థ్రాటిల్ వదిలితే హ్యాండిల్ ఎటు తిప్పి ఉన్నా తనంతట తనే మూసుకోవాలి. లివర్ చివర గుండ్రటి బంతి ఉండాలి, విరిగిన లివర్‌ని అరగదీసి తెస్తే ఒప్పుకోరు. కిల్ స్విచ్ పనిచేయాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినా వేళ్లు ట్యాంకుకి తగలకూడదు. బ్రేక్ ఫ్లూయిడ్ కొత్త సీసా డాట్ 4. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చిన పాతది 155కే మరిగిపోవచ్చు. లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తోందంటే చాలాసార్లు కారణం అదే.

హెల్మెట్ డబుల్ డీ రింగుది, పగుళ్లు లేనిది. గ్లవ్స్ మణికట్టు దాటి సూట్ చెయ్యి మీదకి రావాలి. బ్యాక్ ప్రొటెక్టర్ కూడా తెచ్చి చూపించాలి. బండితో పాటు వీటినీ పరీక్షిస్తారు.

వేడిరబ్బరు:
పైనంతా సరిగ్గా చెప్పారు. నేను టైర్ల గురించి చెబుతాను.

గాలి ఎంతో అడిగేముందు ఎప్పుడు కొలవాలో తెలుసుకోండి. లెక్క వేడి మీదిది. సెషన్ అయి లోపలికి రాగానే, నిమిషంలోపు, హెల్మెట్ తీయకముందే మీ బావగారు గేజ్ పెట్టాలి. లెక్క చూడండి: 30 డిగ్రీల దగ్గర 28 పీఎస్ఐ పెట్టిన టైరు లోపలి గాలి 60 డిగ్రీలకి చేరితే సుమారు 32 అవుతుంది. అంటే ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు 1.4 పీఎస్ఐ. ఉదయం చల్లగా ఉన్నప్పుడు పెట్టిన గాలితో మధ్యాహ్నం రేసుకి వెళితే గ్రిడ్ మీదే ఒకటిన్నర ఎక్కువ ఉంటుంది. ఎండలో నిలబెట్టిన బండికి ఒకవైపు టైరు కాగి ఉంటుంది, ఆ కొలతా నమ్మలేం. బండి నీడలోనే ఉండాలి.

మీ బండికి రోడ్డు టైర్లే అయితే, కంపెనీ ట్రాక్‌కి వేరే కొలత చెప్పనప్పుడు, చల్లగా ముందు 26, వెనక 28తో మొదలుపెట్టండి. వేడి మీద 4 వరకూ పెరిగితే బాగుంది. 6 దాటి పెరిగితే మొదట పెట్టిందే తక్కువ. టైరు గోడ ఎక్కువగా వంగి, ఆ వంగుడికే కాగుతోంది. అప్పుడు ఒకటి పెంచాలి. జారుతోందని ఇంకా తగ్గించేవాళ్లున్నారు, దాంతో టైరు మరింత కాగి మరింత జారుతుంది.

క్లిప్ఆన్:
వెనక 28 విషయంలో నాది వేరే మాట. ఈ బండి బరువు 140 కిలోలకి కాస్త అటూఇటూ, అంత తేలిక బండికి గాలి అంతగా తగ్గించనక్కర్లేదు. దిక్కు మార్చే చోట వెనక భాగం ఊగుతుంది, కొత్తవాళ్లు దాన్ని సస్పెన్షన్ తప్పనుకుంటారు. 30తో మొదలుపెట్టి, వేడి కొలత చూసి దించడం మేలు.

వేడిరబ్బరు:
రైడర్ 75 కిలోలు దాటితే నేనూ 30తోనే మొదలుపెట్టమంటాను. ఏదైనా ఒక సెషన్‌కి ఒక్క మార్పే చేయండి. గాలీ, ప్రీలోడూ (సస్పెన్షన్ స్ప్రింగ్ బిగువు) కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

గేరింగ్ మాట కూడా చెప్పేస్తాను. కంపెనీ స్ప్రాకెట్లు 14/48. మెయిన్ స్ట్రెయిట్‌లో బ్రేక్ వేసే చోటికి ముందే టాప్ గేర్లో లిమిటర్ (ఇంజిన్ అంతకు మించి తిరగకుండా ఆపేది) తగులుతుంటే వెనక ఒక పన్ను తగ్గించాలి, ఒక్కో పన్నుకీ తేడా దాదాపు 2 శాతం. మీ క్లాసులో స్ప్రాకెట్ మార్చడం ఒప్పుకుంటేనే సుమా.

రెడ్‌లైట్స్ఆఫ్:
స్టార్ట్ గురించి. ప్రాక్టీసులో మంచి టైమ్ తీసినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

మీ గ్రిడ్ స్థానం వరస, పక్క రెండూ కాగితం మీద రాసి ట్యాంకుకి అతికించండి. వార్మప్ ల్యాప్ అయ్యాక కంగారులో వేరేవాళ్ల గడిలో ఆగితే శిక్ష. ముందు చక్రం గీత దాటకూడదు. ఎర్ర దీపాలు వెలిగాక ఫస్ట్ గేర్ నిజంగా పడిందో లేదో క్లచ్ కొద్దిగా వదిలి చూసుకోండి. 6,000–7,000 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపి, క్లచ్‌ని పట్టుకునే చోటికి తెచ్చి, చూపు దీపాల మీదే పెట్టండి. పక్కవాడు కదిలాడని కదలకండి, ముందు కదిలింది వాడైనా జంప్ స్టార్ట్ శిక్ష మీకూ పడుతుంది. దీపాలు ఆరగానే క్లచ్‌ని ఒక్కసారిగా వదలకుండా మొదటి ఇరవై మీటర్లూ జార్చుకుంటూ వదలండి. థ్రాటిల్ కదపకండి.

క్లచ్ కేబుల్ ఆటని (లివర్ వదులుని) ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే సరిచూడండి. లివర్ చివర 10–15 మి.మీ. ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు బిగువుగా పెడితే కాగాక ఆట పోయి, స్ట్రెయిట్‌లో క్లచ్ జారుతుంది.

మొదటి మలుపుకి మీ ప్రాక్టీసు బ్రేక్ గుర్తు పనిచేయదు. ముందు బండ్లుంటాయి, మీరు వాటి గాలి చాటున ఉంటారు. థ్రాటిల్ మూసినా ఎదురుగాలి అంతగా ఆపదు కాబట్టి బండి అంతగా నెమ్మదించదు, పైగా స్పీడు కూడా ప్రాక్టీసు కన్నా ఎక్కువ ఉంటుంది. చిన్న సీసీ బండ్లలో ఈ తేడా చాలా పెద్దది. మొదటి ల్యాప్‌లో గుర్తు కన్నా ముందే బ్రేక్ వేయండి. ముందు బండికి సరిగ్గా వెనక కాకుండా అర బండి పక్కకి ఉండండి, అతను ముందే బ్రేక్ వేసినా మీకు దారి మిగులుతుంది.

జెండాలు కంఠతా రావాలి. పసుపు ఊపుతుంటే నెమ్మదించాలి, ఓవర్‌టేక్ చేయకూడదు. పసుపు మీద ఎర్ర చారలుంటే తారు జారుతోంది. ఎరుపు వస్తే రేసు ఆగింది, చెయ్యెత్తి నెమ్మదిగా పిట్‌కి రావాలి. నల్ల జెండాలో నారింజ చుక్క, దానితో మీ నంబరు చూపిస్తే మీ బండిలో ఏదో కారుతోంది లేదా ఊడుతోంది. పిట్ దాకా వెళదామనుకోకండి, వెంటనే రేసింగ్ లైన్ వదిలి ట్రాక్ బయటికి రావాలి.

పడితే ముందు మీరు గోడ అవతలికి వెళ్లండి, బండి సంగతి మార్షల్స్ చూసుకుంటారు. పడిన బండినీ హెల్మెట్‌నీ మళ్లీ స్క్రూటినీ చేయించకుండా తర్వాతి సెషన్‌కి వదలరు.

నెల్లూరు155:
చాలా థ్యాంక్స్ అన్నలూ. బీఎస్6 స్విచ్ సంగతి నాకు తట్టనే లేదు. నా బరువు 68, గేర్ తొడిగితే 76 అవుతుంది. వెనక 30తోనే మొదలుపెడతాను. పెట్రోలు ఎంత పోయాలి? బావ పనుల లిస్టు కూడా ఎవరైనా చెప్పండి.

పిట్‌వాల్:
ట్రాక్ పొడవు 3.717 కి.మీ. ఆరు ల్యాప్‌ల రేసైతే 22.3 కి.మీ., దానికి రేసు ముందు సైటింగ్, వార్మప్, తర్వాత కూల్‌డౌన్ ల్యాప్‌లు కలుపు. మొత్తం 33–34 కి.మీ. లీటరుకి 20 వస్తుందని లెక్కేసినా లీటరున్నర పైన ఖర్చు. మూడున్నర లీటర్లు పొయ్యి. మరీ తక్కువ పోస్తే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు పెట్రోలు ట్యాంకులో ముందుకి పారి, పంపు గాలి పీలుస్తుంది. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు బండి దగ్గుతుంది. లీటరు బరువు ముప్పావు కిలోనే, ఆ పొదుపు కోసం రేసు పోగొట్టుకోకు. పెట్రోలు ఇనప క్యాన్‌లోనే తీసుకెళ్లాలి.

బావకి: సెషన్ అయి బండి రాగానే టైర్ గాలి కొలిచి పుస్తకంలో గంటతో సహా రాయడం, చైన్ బిగువు చూడటం, వెనక యాక్సిల్ నట్, క్యాలిపర్ బోల్టులు, క్లిప్ఆన్ (హ్యాండిల్) బోల్టులు చేత్తో కదిపి చూడటం, లాక్‌వైర్ల మీద ఓ చూపు వేయడం. ల్యాప్ టైమ్ లెక్కించే ట్రాన్స్‌పాండర్ ఛార్జ్ చేసి, బ్రాకెట్‌తో పాటు రెండు కేబుల్ టైలు వేయడం కూడా అతని పనే. అది పోతే డిపాజిట్ పోతుంది, ఆ సెషన్ టైమ్ కూడా రాదు.

స్పేర్లు: బ్రేక్, క్లచ్ లివర్లు, క్లచ్ కేబుల్, ఎడమ కుడి ఫుట్‌పెగ్గులు, గేర్ లివర్, ముందు ప్యాడ్లు, టేపు, లాక్‌వైర్ చుట్ట. పక్కకి పడితే మొదట పోయేవి లివర్లు, పెగ్గులే. అవి ఉంటే చాలాసార్లు గంటలో బండి మళ్లీ లేస్తుంది.

చెమటకి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఐస్ డబ్బా ఉంచుకో. సెషన్ కాగానే సూట్ నడుం దాకా దించెయ్. నీరసం మొదట ముంజేతుల్లో తెలుస్తుంది, బ్రేక్ లివర్ మీద వేళ్లు మొద్దుబారతాయి. మధ్యాహ్నం రేసుంటే బిర్యానీ వద్దు, ఇడ్లీయో పెరుగన్నమో తిను.

నెల్లూరు నుంచి టాటా ఏస్‌లో వస్తుంటే చెన్నై ఊళ్లోకి దిగొద్దు. జీఎన్‌టీ రోడ్డు నుంచి ఔటర్ రింగ్ రోడ్డెక్కి నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవే పట్టుకోండి. ముందురోజు సాయంత్రానికే చేరితే ప్యాడాక్‌లో నీడ ఉన్న చోటు దొరుకుతుంది, పొద్దున స్క్రూటినీ వరసలో ముందుంటారు. ఏదైనా సరిచేసుకురమ్మన్నా ప్రాక్టీసు లోపు టైమ్ మిగులుతుంది.