సరస్సు పిక్నిక్‌కు లాగుడు ట్యూబులు: తిరుపతిలో కుట్టు, టెక్సాస్‌లో తాడు

నీటి ఆటల బాధ్యుడు, ప్రస్తుతం తిరుపతి నుంచి:

సంఘ సభ్యులందరికీ నమస్కారం. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే అమెరికా లేబర్ డే రద్దీ దాటాక, ఆ తరువాతి శనివారం టెక్సాస్‌లోని రే రాబర్ట్స్ సరస్సు దగ్గర జరపదలచిన మన తిరుపతి, చిత్తూరు వాళ్ల కుటుంబ పిక్నిక్‌లో, పడవ వెనుక తాడుతో లాగే ఆటలు పెట్టాలని పోయిన సమావేశంలో అనుకున్నాం. అన్నీ దుకాణంలో కొంటే వంటల ఖర్చుకు గండి పడుతుందని కోశాధికారి గారు అన్న మాట నిజమే కనుక, ఇంట్లో చేసుకోదగినవి ఏవి, కొనక తప్పనివి ఏవి అన్నది తేల్చడానికి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నేను సెలవు మీద ఊళ్లో ఉన్నాను. ఇక్కడ కుట్టించగలిగినవి కుట్టించి ఆగస్టులో వచ్చేటప్పుడు సామానులో వేసుకుని వస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మనిషిని మోసే భాగాన్ని ఎంత చవకగానైనా చేసుకోవచ్చు, మనిషిని లాగే భాగాన్ని మాత్రం కొనాలి.

మొదట లారీ ట్యూబు సంగతి. 10.00-20 టైరులో వేసే ట్యూబు గాలి నింపితే మీటరు పైచిలుకు వెడల్పు వస్తుంది. పెద్దవారు ఒకరు బోర్లా పడుకోవడానికి చాలు. మనలో చాలామంది ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకునో, ఇలాంటి ట్యూబు పట్టుకునో బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లమే కనుక దాని మీద మనకు నమ్మకం ఎక్కువ. అయితే బావిలో తేలే ట్యూబు వేరు, పడవ గంటకు పదిహేను మైళ్ల వేగంతో లాక్కుపోయే ట్యూబు వేరు. ఉత్త ట్యూబుకు తాడు చుట్టి లాగితే తాడు పడినచోట రబ్బరు నొక్కుకుపోయి ముందు భాగం నీటిలోకి దిగుతుంది. తడి రబ్బరు మీద చేతికి పట్టు దొరకదు. ఒరుసుకున్నచోట తొడల చర్మం లేస్తుంది. వీటన్నిటికీ మించి వాల్వు ఉంది. లారీ ట్యూబు వాల్వు రబ్బరు మొలక కాదు, వేలెడంత ఇత్తడి గొట్టం. వంపు తిరిగి సరిగ్గా నడిమి రంధ్రంలోకి, అంటే కూర్చునేవాళ్ల వైపుకే పొడుచుకుని ఉంటుంది.

అందుకని ట్యూబు మొత్తానికి తొడుగు కావాలి. రేణిగుంట రోడ్డులో లారీలకు టార్పాలిన్ పట్టలు కుట్టే పెద్దాయన దగ్గరికి బొమ్మ గీసుకుని వెళ్లాను. ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, “ఇది పరుపు గలీబే కదా నాయనా, గుండ్రంగా ఉందంతే” అన్నారు. అడుగుభాగం రంధ్రం కూడా మూసుకుపోయేలా ఒకే గుండ్రటి ముక్కతో నున్నగా ఉండాలని, పైభాగంలో ఐలెట్లు, అంటే లోహపు చుట్టు ఉన్న రంధ్రాలు, కొట్టి తాడుతో బిగించుకునే నోరు ఉండాలని చెప్పాను. గాలి తీసిన ట్యూబును ఆ నోట్లోంచి లోపలికి దూర్చి, తరువాత గాలి నింపుతాం. తొడుగు ట్యూబు కంటే కొద్దిగా చిన్నదిగా ఉండాలి, అప్పుడే గాలి ఒత్తిడిని గుడ్డ మోస్తుంది, ట్యూబు ఒకచోట ఉబ్బి పగలదు. ఆయన నీలం పట్ట తీయబోతే వద్దని నారింజ రంగుది అడిగాను, ఎందుకంటే నీలం సరస్సు నీటిలో కలిసిపోయి ఇతర పడవల వాళ్లకు కనిపించదు. నూలుదారం నానితే చివుకుతుంది కనుక నైలాన్ దారమే వేయించాను.

ఇందులో అసలు కీలకం బెల్టు పట్టీ. లాగే కొక్కేన్ని గుడ్డకు కుట్టేస్తే మొదటి గుంజుకే గుడ్డతో సహా ఊడి వస్తుంది. రెండంగుళాల నైలాన్ పట్టీ ముందున్న ఇనుప ఉంగరం దగ్గర మొదలై, రెండు పక్కలా తొడుగును చుట్టి వెనుక కలిసేలా ఉంటే, బలమంతా పట్టీ మీద పడి అది ట్యూబును వెనుక నుంచి తోసినట్టు లాగుతుంది. ఉంగరం దగ్గర పట్టీని మడిచి, నాలుగు పక్కలా గడిలా కుట్టి, ఆ గడిలో ఇంటూ గుర్తులా మళ్లీ కుట్టారు. కుట్టు అయ్యాక పెద్దాయన ఉంగరాన్ని మిషను బల్ల కాలికి తగిలించి, కాలు తన్నిపెట్టి రెండు చేతులతో గుంజారు. పట్టీ కదలలేదు గానీ బల్ల జానెడు జరిగింది. పట్టుకునే పిడులు నాలుగూ అదే పట్టీతో కుట్టాం. వాటి సందు వేళ్లు పట్టేంత ఉంటే చాలు. మణికట్టు దూరేంత వదులైతే పడినప్పుడు చెయ్యి ఇరుక్కుంటుంది. వాల్వు మీద మందపాటి రబ్బరు ముక్క, దాని మీద గుడ్డ మూత వేయించాను. తొడుగులో చేరిన నీరు పోవడానికి వెనుక అడుగున ఐలెట్లు ఉన్నాయి.

ఇలాంటివి రెండు తెస్తాను. ట్యూబులు మాత్రం అక్కడే వెతకాలి. లారీలవి ఆ దేశంలో దొరకడం కష్టమైతే వ్యవసాయ సామగ్రి దుకాణాలలో ట్రాక్టరు ట్యూబులు దొరుకుతాయి, అయితే వెడల్పు కొలిచి నాకు వెంటనే చెప్పాలి.

చిత్తూరు నుంచి, బాధ్యుని మేనమామ, విశ్రాంత వడ్రంగం ఉపాధ్యాయుడు:

నాయనా, ట్యూబులతో పాటు పడవ వెనుక మనిషి ఎక్కి సాగే చెక్క పలక కూడా మీరు చేస్తామంటున్నారని మా అక్క చెప్పింది కనుక రాస్తున్నాను. గుండ్రటి పలక చేయడం తేలిక, చెడగొట్టడం ఇంకా తేలిక. నాలుగు అడుగులకు ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటులో నాలుగు అడుగులకు కాస్త తక్కువ వెడల్పుతో రెండు పలకలు వస్తాయి. మందం 18 మిల్లీమీటర్లు ఉండాలి. ఇక్కడ అయితే ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, అంటే నీటిని తట్టుకునే రకం, అడగమంటాను. మామూలు వాణిజ్య రకం ఒక వారం నానితే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. అక్కడ కూడా నీటిని తట్టుకునే జిగురుతో చేసినదేనా అని అడిగి కొనండి.

ప్లైవుడ్ నీరు తాగేది ముఖం నుంచి కాదు, అంచు నుంచి. అందుచేత అంచును ఉలితో, తరువాత గరుకు కాగితంతో అరచెయ్యి నిమిరినా గుచ్చుకోనంత గుండ్రంగా చేసి, వార్నిష్ ముందు అంచుకే పట్టించండి. తాగినంత తాగనిచ్చి మళ్లీ పట్టించండి. పై ముఖం మీద రంగు తడిగా ఉన్నప్పుడు జల్లించిన సన్నటి పొడి ఇసుక చల్లి, ఆరాక దాని మీద మరో పూత వేస్తే కాలు జారదు. అడుగు మాత్రం అద్దంలా ఉండాలి. మేకులు, మరలు, కొక్కేలు ఏవీ దానికి కొట్టవద్దు.

పడవ ఇస్తున్న సభ్యుడు, టెక్సాస్‌లోని డెంటన్ నుంచి:

అన్నా, తొడుగు ఫొటోలు చూశాను, నాకు నచ్చాయి. తాడు మాత్రం అక్కడి నుంచి తేవద్దు. లోడు కట్టే తాడు ఎంత లావుగా ఉన్నా అది ఎంత బలానికి తెగుతుందో దాని మీద రాసి ఉండదు. ఇక్కడ ట్యూబులు లాగడానికి అమ్మే తాళ్ల మీద ఎంతమందికి పనికివస్తుందో అచ్చు వేసి ఉంటుంది. ఒకరిని లాగడానికి కనీసం 1,500 పౌండ్లు, అంటే 680 కిలోల బలం తట్టుకోవాలి, ఇద్దరికైతే 2,375 పౌండ్లు. ఎనభై కిలోల మనిషికి అంత తాడెందుకని కోశాధికారి గారు అడుగుతారని తెలుసు. వదులుగా ఉన్న తాడు ఒక్కసారిగా బిగుసుకున్నప్పుడు, ట్యూబు అల మీద ఎగిరిపడినప్పుడు, ముందు భాగం నీటిలో గుచ్చుకున్నప్పుడు తాడు మీద పడే బలం మనిషి బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా ముడి వేసినచోట తాడు తన బలంలో మూడోవంతు నుంచి సగం దాకా కోల్పోతుంది కనుక, ముడి లేకుండా కొసను వెనక్కి అల్లి కన్ను, అంటే కొక్కెం తగిలించే వలయం, చేసిన తాడే కావాలి. నైలాన్ తాడు సాగుతుంది, తెగిందంటే ఆ కొస పడవలోని వాళ్ల మీదికి విసురుగా వస్తుంది, వదులైతే మునిగి ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ తాడు తేలుతుంది. పొడవు 50 నుంచి 65 అడుగుల మధ్య ఉంటే ప్రొపెల్లరు రేపిన నురుగుకు ట్యూబు దూరంగా ఉంటుంది. పలకకు పిడి ఉన్న స్కీ తాడు వేరే ఒకటి కొంటాను.

వేగం విషయంలో ఎవరూ నన్ను ఒత్తిడి చేయవద్దు. ట్యూబుల మీద అచ్చు వేసే హెచ్చరికల్లో పెద్దలకు గంటకు 20 మైళ్లు, పిల్లలకు 15 మైళ్లు మించవద్దని ఉంటుంది. మనది ఇంట్లో కుట్టినది కనుక నేను అంతకంటే తగ్గిస్తానే గాని పెంచను. పడవ మలుపు తిరిగేటప్పుడు ట్యూబు బయటి వైపుకు విసురుకుపోయి పడవ కంటే వేగంగా కదులుతుంది, దెబ్బలు తగిలేది ఎక్కువగా అక్కడే. ఈ సరస్సులో కొన్నిచోట్ల మునిగిన చెట్ల మోళ్లు ఉన్నాయి కనుక విశాలమైన చోట పెద్ద గుండ్రాలే తిప్పుతాను.

టెక్సాస్ నిబంధనలు కూడా గుర్తు పెట్టుకోవాలి. మనిషిని లాగుతున్నప్పుడు వెనుకకు చూసే అద్దమో, నడిపేవారు కాకుండా 13 ఏళ్లు నిండిన మరొకరో పడవలో ఉండాలి. అద్దం ఉన్నా మనిషి ఉండి తీరాలన్నది నా షరతు. 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపు 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ విప్పకూడదు. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన పడవ నడపాలంటే బోటింగ్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. మన కుర్రాళ్లలో ఎవరికైనా ఆ ధ్రువపత్రం లేకపోతే చుక్కాని దగ్గరికి రావద్దు.

పిల్లల కార్యక్రమాల బాధ్యురాలు:

అన్నయ్యగారూ, ఈత వచ్చినవాళ్లకు జాకెట్ ఎందుకని పెద్దవాళ్లే అడుగుతున్నారు, పిల్లలు కాదు. వేగంగా నీటి మీద పడితే ఊపిరి ఒక్క క్షణం అందదని, ఆ క్షణంలో ఈత పనిచేయదని మీరే ఒకసారి గట్టిగా రాయండి. చున్నీలు, గాజులు, ఉంగరాలు, మెడలోని గొలుసులు ఒడ్డున ఎవరి దగ్గర పెట్టాలో కూడా తేల్చాలి. ఇంకొక మాట, మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు అని వంటల కమిటీ వారు తీర్మానించారు. అది తిన్నాక ఎవరినీ ట్యూబు ఎక్కించవద్దు, ఆటలన్నీ భోజనానికి ముందే ముగించండి.

నీటి ఆటల బాధ్యుడు:

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా పాటిద్దాం. ఒడ్డు దాటే ప్రతివారికీ, ఈత ఎంత బాగా వచ్చినా, అమెరికా తీర రక్షక దళం ఆమోదించిన లైఫ్ జాకెట్ తప్పనిసరి. దారం లాగగానే గాలి నిండే రకం జాకెట్లు ఈ ఆటకు పనికిరావు, లోపల ఫోమ్ దిమ్మలు ఉన్న మామూలువే తీసుకురండి. ఆభరణాలన్నీ ఇంట్లో పెట్టి రావడమే మేలు, పిక్నిక్‌లో కాపలా పెట్టలేం.

మామయ్యా, పలకకు కొక్కెం కొట్టవద్దన్న మీ మాట చాలా సరైనది. తాడును పలకకే కట్టే పాత పద్ధతి ఒకటి ఉంది; అందులో మనిషి పడిపోయినా పలకను పడవ లాక్కుపోతూనే ఉంటుంది, ఆ చెక్క ఎటు తిరుగుతుందో చెప్పలేం. మన పద్ధతిలో తాడు మనిషి చేతిలో ఉంటుంది, పడగానే వదిలేస్తాడు. చెక్కతో ఈ పని చేయడం కొత్తేమీ కాదు. 1922లో మిన్నెసోటాలోని పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రవాడు రెండు చెక్క పలకల కొసలను వేడినీళ్లలో మరగబెట్టి పైకి వంచి, కిటికీలకు వాడే తాడుకు ఇనుప ఉంగరం తగిలించుకుని, అన్న నడిపే పడవ వెనుక నిలబడ్డాడు. వాటర్ స్కీయింగ్‌కు అతన్నే ఆద్యుడిగా చెబుతారు. అతని చెక్కపని నుంచి మనం నేర్చుకోవచ్చు గానీ, తాడు విషయంలో అతన్ని అనుసరించవద్దు.

పలక మీద మొదట మోకాళ్ల మీద కూర్చోవాలి, బరువు కొద్దిగా వెనక్కి ఉంచాలి. ముందుకు వంగితే అంచు నీటిలో గుచ్చుకుని ముఖం మీద పడతారు. అందుకే దాన్ని 16 ఏళ్లు దాటినవాళ్లకే పరిమితం చేస్తున్నాను. ట్యూబు మీద ఒకసారికి ఒక్కరే. మూడు ట్యూబులను వరుసగా కట్టి అరటికాయ పడవలా చేద్దామని ఇద్దరు కుర్రాళ్లు విడిగా రాశారు; లాగేటప్పుడు ఆ మూడింటిలో ఉన్నవాళ్ల తలలు ఒకదానికొకటి తగులుతాయి కనుక కుదరదు. గాలిలోకి లేచేలా పెద్ద గుడ్డ కుట్టించమన్నవారికి కూడా అదే జవాబు. అలా గాలిలో ఎగిరే ట్యూబును మరణాలు జరిగాక 2006లో అమెరికాలో మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు.

చేతి సంజ్ఞలు ఒడ్డునే పిల్లలతో రెండుసార్లు చేయించాలి. బొటనవేలు పైకి చూపితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని, మెడ దగ్గర అరచెయ్యి అడ్డంగా ఆడిస్తే ఆపమని అర్థం. పడిన తరువాత రెండు చేతులు తల మీద కలిపి చూపితే బాగున్నానని తెలుస్తుంది. చెయ్యి లేవకపోతే వెనుక చూసేవారు వెంటనే కేక వేయాలి. పడినవారి దగ్గరికి పడవ చేరాక ఇంజన్ పూర్తిగా ఆపిన తరువాతే వాళ్లను ఎక్కించుకోవాలి. గేరు తీసేసి ఊరుకుంటే చాలదు.

ట్యూబులకు గాలి ఉదయమే పూర్తిగా బిగించవద్దు. ఎండలో ఇసుక మీద పెడితే గాలి వ్యాకోచించి కుట్లు ఒత్తుకుంటాయి. తొడుగు ముడతలు పోయేంత మాత్రం నింపి, నీటిలో పెట్టి చల్లబడ్డాక మిగతాది చేతి పంపుతో కొట్టాలి, బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి.

ఆఖరు పని అందరూ మరిచిపోయేది. రే రాబర్ట్స్‌లో జీబ్రా మస్సెల్స్ అనే చిన్న గుల్లలు ఉన్నాయి. వాటి పిల్లలు కంటికి కనిపించవు, నిలవ నీటిలో ఇంకో సరస్సుకు చేరిపోతాయి. పడవలో నీరు పూర్తిగా వదిలి వెళ్లాలని టెక్సాస్ చట్టం చెబుతుంది. మన తొడుగులు, తాళ్లు కూడా అక్కడే విప్పి, పిండి, ఇంటికి తెచ్చి బాగా ఎండబెట్టాలి. ఈ పని ఎవరైనా ఒప్పుకోవాలి. తాళ్లు, పడవ డెంటన్ తమ్ముడివి, తొడుగులు నావి, పలకలు చేయడానికి గ్యారేజీ, రంపం ఉన్నవారు ఇద్దరు కావాలి, ట్యూబుల వెడల్పు వచ్చే ఆదివారంలోగా నాకు చేరాలి, ఎందుకంటే పెద్దాయన రెండో తొడుగును ఆ కొలత తెలిసేదాకా కత్తిరించనని ఆపి ఉంచారు.