సమస్యాపూరణం: చెరువు నిండెను బొట్టైన చేరకుండ

నిర్వాహకుడు

ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం.

చెరువు నిండెను బొట్టైన చేరకుండ

మిగతా మూడు పాదాలూ మీవి. ఈసారి విషయం కూడా నేనే ఇస్తున్నాను: పుట్టి పెరిగిన ఊరు మన కళ్ళ ముందే మరో ఊరైపోవడం. మన సభ్యుల్లో చాలామందికి హైదరాబాదు పడమటి వైపుతో సంబంధం ఉంది కాబట్టి మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం చుట్టుపక్కలే తిరుగుదాం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచేదాకా అక్కడ ఏముండేది? గుట్టలు, సీతాఫలం పొదలు, తాళ్ళు, కుంటలు. గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు మీద ఇప్పుడు తీగల వంతెన. 2020లో అది తెరిచినప్పటి నుంచి జనం అక్కడికి నీళ్ళు చూడటానికి వెళ్తున్నారో, లైట్లు చూడటానికి వెళ్తున్నారో చెప్పడం కష్టం.

ఒక షరతు. "ఆహా, ఆ రోజులే వేరు" అని మూడు పాదాలు నిట్టూర్చి నాలుగోది అతికిస్తే ఒప్పుకోను. నిండింది అన్నాం కదా, దేనితో నిండిందో తెలియాలి. బొట్టు అన్నాం కదా, దేని బొట్టో తెలియాలి.

మత్తడి

గుట్ట కరిగెను బండల గుండె పగిలె
వాగు దారుల మేడలు బారు తీరె
మట్టి లారీలు దింపగ మా యెదుటనె
చెరువు నిండెను బొట్టైన చేరకుండ

నిర్వాహకుడు

మొదటి పూరణే గట్టిగా ఉంది. పద్యంలో కారణాల వరుస బాగుంది. గుట్ట పోయింది, దాని మట్టి లారీ ఎక్కింది, వాగు దారి మూసుకుపోయింది, ఆ మట్టే వచ్చి చెరువులో పడింది. మన చెరువులు గొలుసుకట్టువి కదా. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరేవి. మధ్యలో ఒక్క కాలువ మీద ఇల్లు లేచినా కింది కుంట ఎండుతుంది. ఎండిన కుంట శికం భూమి (నీళ్ళు నిలిచే నేల) ఎవరి కంటికైనా ఖాళీ ప్లాటులాగే కనిపిస్తుంది. మీ రెండో పాదం ఆ కథంతా చెప్పేసింది.

ఒక్క మాట మాత్రం నచ్చలేదు. గుట్ట ఎక్కడ కరిగింది? దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న గ్రానైటు అది, వానకు కరిగే మట్టిదిబ్బ కాదు. "గుట్ట పేలెను" అనండి. గణం (పాదంలో అక్షరాల తూకం) చెడదు, యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో కుదరాల్సిన పొత్తు) చెడదు, మందుపాతర చప్పుడూ వినిపిస్తుంది.

మత్తడి

అవును గురువుగారూ, బడి నుంచి వచ్చేటప్పుడు ఎర్రజెండా పట్టుకుని మమ్మల్ని ఆపేవాళ్ళు, పేలాక వెళ్ళనిచ్చేవాళ్ళు. అయినా "కరిగెను" అనే రాశాను. మార్చాను.

తొలకరి

మురుగు దెచ్చిన కాలువ ముంగిలాయె
గుర్రపుం డెక్క తీగలు గుంపు గట్టె
వాన నీటికి రాదారి పాడు వడగ
చెరువు నిండెను బొట్టైన చేరకుండ

లఘువు

గుర్రపుడెక్క తీగ కాదండీ, నీటి మీద తేలే మొక్క. తీగ బదులు "పూవులు" వేస్తే గణం సరిపోతుంది, పైగా ఆ ఊదారంగు పూలు చూడ్డానికి ఎంత అందమో చెరువుకు అంత ముప్పు, ఆ వెక్కిరింపు కూడా పద్యంలోకి వస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. మురుగు వచ్చి చేరుతుంటే "బొట్టైన చేరకుండ" ఎలా కుదురుతుంది? మురుగుకు బొట్లుండవా?

తొలకరి

మూడో పాదంలో వాన నీరు అన్నాను కదా. చేరనిది వాన బొట్టు.

నిర్వాహకుడు

వాదన నిలబడుతుంది, కానీ మీరు వివరించాక నిలబడుతోంది. మొదటి పాదం మురుగుతో మొదలయ్యేసరికి చదివేవాడి మనసులో ఆ మురుగే పారుతోంది. మూడో పాదాన్ని మొదటికి తెచ్చి చూడండి, సగం గొడవ తీరుతుంది. "ముంగిలాయె" అన్నదానికి నాకు అర్థం దొరకలేదు. కాలువ ముంగిట్లోకి వచ్చిందా, ముంగిలే కాలువైందా? "గుర్రపుం డెక్క" అని, సమాసంలో "ము" స్థానంలో "పు" వచ్చే పుంప్వాదేశంలో నిండుసున్న నిలిపి గణం సాధించడం మాత్రం నేర్పే.

పాతకాపు

నేను శేరిలింగంపల్లి వాణ్ణి. పద్యాలు కొత్త, తప్పులుంటే తిట్టకండి.

చిన్న నాడీత గొట్టిన చెరువు నాది
బర్రె కడిగిన నీరంత ఆవిరాయె
గాజు మేడల నీడలు కమ్ముకొనగ
చెరువు నిండెను బొట్టైన చేరకుండ

లఘువు

తిట్టేదేముంది అన్నా, మూడో పాదం చూసి అసూయ పడ్డాను. చెరువు నీడలతో నిండటం! అంత పెద్ద అద్దాల భవనాల పక్కన ఎండిన కుంట ఉంటే సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది, నేను చూశాను.

రెండో పాదంలో యతి తప్పింది. "బ"కు "ఆ" కుదరదు. పైగా "నీరంత ఆవిరాయె" అని సంధి చేయకుండా విడగొట్టారు. "బర్రె కడిగిన నీరంత పారిపోయె" అనండి, రెండూ సరిపోతాయి.

పాతకాపు

పారిపోయె అంటే దొంగలాగా పారిపోయినట్టు కూడా ఉంది. బాగుంది.

నిర్వాహకుడు

మొదటి పాదంలో "చెరువు" వచ్చేసింది, చివర్లో మళ్ళీ అదే. తేటగీతి నాలుగు పాదాల చిన్న ఇల్లు, ఒకే మాట రెండు చోట్ల కూర్చుంటే ఇరుకు. తీరిక ఉన్నప్పుడు సరిచేయండి. బర్రె మాత్రం ఉండాల్సిందే. ఈ వారం వచ్చిన పద్యాల్లో ప్రాణమున్న జీవి అదొక్కటే.

వెన్నెల గుట్ట (డాలస్ నుంచి)

కట్ట పై నిల్చి చూచితి గతము నేడు
తాత గీసిన తాళ్ళేవి? దారు లేవి?
చెంప కేమియు తెలియదు, చిన్ని కంటి
చెరువు నిండెను బొట్టైన చేరకుండ

మత్తడి

అక్కా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. "చెంప కేమియు తెలియదు" అన్న చోట ఆగిపోయాను.

లఘువు

సమస్యలోని చెరువును కంటికి మార్చడం పాత దారే, కానీ చెంప వల్ల కొత్తదైంది. బొట్టు చేరనిది చెంపకు. విరోధం పూర్తిగా తీరింది. "తాత గీసిన తాళ్ళు" అనేసరికి ఆ తాత ఎవరో, ఏ పని చేసేవాడో, ఏ మోకు కట్టుకుని ఎక్కేవాడో అంతా తెలిసిపోయింది. ఎవరి ఊరికైనా అతికించుకునే పద్యం కాదిది, ఒక కల్లుగీత ఇంటి మనవరాలి పద్యం.

నిర్వాహకుడు

ఒప్పుకుంటాను. ఇక నా పని నేను చెయ్యాలి. "చిన్ని కంటి" ఎందుకు? చెంపకు యతి కావాలి కాబట్టి చిన్ని వచ్చింది. ఊరు చూడటానికి అమెరికా నుంచి వచ్చిన మనిషి కన్ను చిన్నిదేమిటి? "చెమ్మ కంటి" అంటే యతి సరిపోతుంది గానీ గుట్టు ముందే బయటపడుతుంది. మీరే ఇంకో మాట వెతకండి.

వెన్నెల గుట్ట

నిజమే, యతి కోసమే వేశాను. కానీ కట్ట మీద నిలబడినప్పుడు నా వయసు నాకు గుర్తులేదు గురువుగారూ. ఆ కన్ను అప్పుడు చిన్నదే. ఉంచుతాను.

నిర్వాహకుడు

అలాగే ఉంచండి. యతి కోసం రాసినా ఇప్పుడు దానికి కారణం దొరికింది.

రచ్చబండ

అందరూ ఏడుస్తున్నారు. ఆ భూములమ్ముకుని కోటీశ్వరులైన వాళ్ళ మాటేమిటి?

చేను దున్నిన నాడేమొ చిల్లి గవ్వ
ఎకర మమ్మిన వానికి నెన్నొ కోట్లు
చెమట చిందిన దెన్నడో? సిరుల తోడ
చెరువు నిండెను బొట్టైన చేరకుండ

పాతకాపు

పద్యం బాగుంది గానీ రెండో పాదం నాకు గుచ్చుకుంది. మా దిక్కు ఎకరం అమ్మినోళ్ళలో చాలామందికి కోట్లు రాలేదు. వాళ్ళు ముందే అమ్మేశారు, పిల్ల పెళ్ళికో బోరు అప్పుకో. రోడ్లు, కంపెనీలు వచ్చింది ఆ తర్వాత. కోట్లు వచ్చింది చేతులు మారాక. ఒకప్పుడు తమ సొంత పొలమున్న చోట ఇప్పుడు సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డవాళ్ళు నాకు తెలుసు. చెమట బొట్టు చేరలేదు అంటున్నారు, మరి తరతరాలు ఆ చేనులో పడ్డ చెమట ఏమైంది?

రచ్చబండ

ఇది నేను ఆలోచించలేదు. దెబ్బ కొట్టాల్సిన వాణ్ణి వదిలేసి పక్కవాణ్ణి కొట్టాను. ఇలా అయితే?

చేను దున్నిన వానికి చిల్లి గవ్వ
కొన్న వానికి దక్కెను కోట్ల ధనము
చెమట చిందిన దెన్నడో? సిరుల తోడ
చెరువు నిండెను బొట్టైన చేరకుండ

నిర్వాహకుడు

ఇప్పుడు ఇది పద్యం. దున్నినవాడు, కొన్నవాడు ఎదురెదురుగా నిలబడ్డారు. మూడో పాదంలో ప్రశ్న కూడా కొన్నవాడి మీదికే సూటిగా పోతోంది. మొదటి పాఠంలో వెటకారం ఉంది, ఇందులో కోపం ఉంది. పాతకాపు గారూ, ఛందస్సు కొత్తేమో గానీ విమర్శ మీకు కొత్త కాదు.

సెల్లారు వాసి

నాది వేరే ఫిర్యాదు. 2020 అక్టోబరు 13 రాత్రి వాన గుర్తుందా? ఆ రాత్రి నీళ్ళు చెరువును వెతుక్కుంటూ వచ్చాయి, మా అపార్టుమెంటు అడ్డొచ్చింది. మా కారు సెల్లారులో తేలింది.

కుంట మీదను కాలనీ గోడ లెత్త
వాన కాలము సెల్లారు వాగు గాగ
ఇండ్ల లోపల నీరంత యిమిడిపోవ
చెరువు నిండెను బొట్టైన చేరకుండ

లఘువు

ఇండ్లలో నీళ్ళు, చెరువులో ఇండ్లు! చివరి పాదం దగ్గరికి వచ్చేసరికి నవ్వు వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. యతులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫ్లాటు కొనేటప్పుడు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు) అంటే ఏమిటో మనలో ఎవరడిగాం? 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి కూల్చివేతలు మొదలయ్యాక టీ కొట్టు దగ్గర కూడా ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ వదలాల్సిన జాగా) అని మాట్లాడుకుంటున్నారు. మా తాతలు ఆ మాటలేవీ అనలేదు, "అది శికం, అక్కడ ఇల్లు కట్టకూడదు" అన్నారంతే.

నిర్వాహకుడు

వ్యాఖ్య పద్యం కంటే పొడవైంది. అయినా తీసేయను.

ముంగిలి

ఆలస్యంగా వచ్చాను. బొట్టును అందరూ నీటి బొట్టుగానో చెమట బొట్టుగానో తీసుకున్నారు. మా ఇళ్ళలో బొట్టంటే ఇంకోటి ఉంది కదా.

చెరువు పేరిట గేటుతో సిరుల మేడ
నేల గప్పెను జనులంత నిండి రందు
పిలుచు వారేరి పేరంట వేళలందు
చెరువు నిండెను బొట్టైన చేరకుండ

వెన్నెల గుట్ట

బొట్టు పెట్టి పిలవడం! అమ్మా, చప్పట్లు. మా అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరితే వీధి చివరికి వెళ్ళి వచ్చేసరికి రెండు గంటలు పట్టేది.

సెల్లారు వాసి

మా గేటెడ్ కమ్యూనిటీలో వరలక్ష్మీ వ్రతానికి వాట్సాప్ గ్రూపులో బొట్టు బొమ్మ పెడతారు. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా?

ముంగిలి

తీసుకోవద్దు. ఆ బొమ్మకు నేను బొటనవేలు చూపించి ఊరుకుంటాను, పేరంటానికి మాత్రం వెళ్ళను.

నిర్వాహకుడు

ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా చెరువును లేక్ వ్యూ పేరున్న మేడగా, నిండటాన్ని జనంతో నిండటంగా, బొట్టును కుంకుమగా మార్చారు. మట్టి లారీల గురించి ఒక్క మాట లేదు, అయినా ఊరు పోయిందని తెలుస్తోంది. "సిరుల మేడ" కొంచెం వాడి అరిగిన మాట, దాన్ని వదిలేయవచ్చు. "పిలుచు వారేరి" మాత్రం ముట్టుకోకండి.

వెన్నెల గుట్ట గారి పూరణ దీని పక్కనే ఉంటుంది, వెనక కాదు. రచ్చబండ గారు మార్చిన పాఠాన్నే సంకలనంలో పెడతాను. తొలకరి గారు సవరించి మళ్ళీ పంపాలి.

ఇక వచ్చే వారం సమస్య. ఈసారి ఆటవెలది, చివరి పాదం. ఏడవాలనుకున్నా కుదరని సమస్య ఇస్తున్నాను.

కాకి గూటి లోన కారు నిలిచె

పూరణలు బుధవారంలోగా పంపండి. కారు అంటే వాహనమే కానక్కర్లేదని చెబుతూ ఇప్పటికే ఇద్దరు నాకు విడిగా రాశారు. ఆ కారుమబ్బు ఊహ నాకూ తట్టింది, కాబట్టి అది కాకుండా ఇంకేదైనా.