మేడి-విస్నా, సీఏఈవీ: రెండు వైరస్‌లా, ఒకటేనా?

ల్యాబ్‌పురుగు:
గొర్రెలకు మేడి-విస్నా వైరస్, మేకలకు సీఏఈవీ (మేకల్లో కీళ్లవాపు, మెదడువాపు తెచ్చే వైరస్). పాఠాల్లో ఇప్పటికీ ఇదే గోడ. వైరస్‌ల వర్గీకరణ చూసే అంతర్జాతీయ సంఘం ఐసీటీవీ కూడా రెండు జాతులుగానే ఉంచింది. నా లెక్కలో ఆ గోడ ఎప్పుడో కూలింది. 2004లో వచ్చిన వర్గీకరణ జన్యుక్రమాలు చూసి వీటన్నిటినీ ఒకే గుంపు కింద పెట్టి ఏ, బి, సి, డి అని విడదీసింది. 'ఏ' రకం గొర్రెలది, 'బి' రకం మేకలది అనుకుంటే, 'బి' గొర్రెల్లో దొరుకుతోంది, 'ఏ' మేకల్లో దొరుకుతోంది. రెండూ ఒకే జంతువులో చేరి ముక్కలు మార్చుకున్న వైరస్‌లూ బయటపడ్డాయి. పేరు మేకది, కాపురం గొర్రెలో!

పాతకాపు:
బాబూ, ఐస్‌లాండ్ సంగతి చూడు. 1933లో జర్మనీ నుంచి తెచ్చిన కారకుల్ గొర్రెలతో అక్కడికి మేడి చేరింది. జన్యుక్రమం ఊసే లేని రోజుల్లో మందలకు మందలు కోసేసి, 1965 నాటికి వదిలించుకున్నారు. మందలో పనికొచ్చేది లక్షణమే. గొర్రెకు ఆయాసం, మేకకు కీళ్ల వాపు, మేకపిల్లకు కాళ్లు చచ్చుబడటం. ఇవి ఒకటెలా అవుతాయి?

ల్యాబ్‌పురుగు:
పాతకాపు గారూ, మీ ఉదాహరణే మీకు ఎదురు తిరిగింది. ఐస్‌లాండ్ భాషలో మేడి అంటే ఆయాసం, విస్నా అంటే కృశించిపోవడం. అక్కడివాళ్లు కూడా లక్షణాలు చూసి రెండు జబ్బులనే అనుకున్నారు. తీరా చూస్తే వైరస్ ఒక్కటే.

పశువుల‌డాక్టర్:
ఇద్దరూ పరీక్ష కిట్ సంగతి మర్చిపోయారు. 'ఏ' రకం యాంటిజెన్‌తో (వైరస్ ప్రొటీన్‌తో) చేసిన ఎలీసా అనే యాంటీబాడీ పరీక్ష, 'బి' సోకిన గొర్రెను కొన్నిసార్లు నెగెటివ్ అంటుంది. ఆ కాగితం నమ్మి దాన్ని మందలో ఉంచితే ముర్రుపాలతో పిల్లలకు పాకుతుంది, కలిసి ఉన్నవాటికి గాలి ద్వారా కూడా. ఏ, బిల మధ్య న్యూక్లియోటైడ్ (జన్యు అక్షరాల) తేడా పాతిక శాతం పైనే. అంత తేడా ఉన్నవాటికి ఒకే పేరు తగిలిస్తే, ఒక్క కిట్ చాలనుకుంటారు జనం. నా భయం అదీ.

ల్యాబ్‌పురుగు:
ఒప్పుకుంటా డాక్టర్ గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ కిట్ మీద 'గొర్రెలకు' అని కాదు, 'ఏ' రకానికో 'బి' రకానికో రాయమనండి.

పాతకాపు:
మరి ఇటలీ మేకల్లో దొరికిన ఇ రకం? దానికి డీయూటీపేజ్ అనే ఎంజైమ్ తయారుచేసే జన్యువే లేదు, జబ్బూ పెద్దగా చేయదంటారు. అది పాజిటివ్ వచ్చిన మేకనూ కోసేయమంటావా?