ఆఫీసు మెయిల్లో పలకరింపు ముందా, పని ముందా?

మిర్చియార్డు (గుంటూరు):
మాది మిర్చి ఎగుమతి ఆఫీసు. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో వేసిన సరుకుకి ఇచ్చే రసీదు) డ్రాఫ్టులో సరుకు అందుకునే కంపెనీ పేరు తప్పు పడింది. షిప్పింగ్ ఏజెంటుకి మెయిల్ రాశాను: "డ్రాఫ్టులో పేరు తప్పు ఉంది. సరైన పేరు కింద ఇచ్చాను. సరిచేసి బుధవారం సాయంత్రం 5 లోగా పంపండి." మా మేనేజరు గారు చూసి "ఇదేంటయ్యా, బాకీ వసూలుకి వెళ్లినట్టు రాశావ్" అని, వాళ్ల క్షేమం అడగడంతో మొదలెట్టి పద్నాలుగు లైన్లు చేశారు. పేరు సంగతి తొమ్మిదో లైన్లోకి పోయింది. ఎవరిది రైటంటారు?

డల్లాస్ నాటుకోడి:
నీదే తమ్ముడూ, అనుమానమే లేదు. మా క్లయింటు పొద్దున లేవగానే ఫోన్లో మెయిళ్లు చూస్తాడు. అప్పటికి ఇండియా టీమ్ పంపినవి గుట్ట పడి ఉంటాయి. తెరవకుండా కనపడేది సబ్జెక్టు, పక్కన నాలుగు ముక్కలు. ఆ కాస్త చోటూ "హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్" తినేస్తే ఇంకేం చదువుతాడు? అమెరికా సైన్యంలో అసలు మాట ముందు రాయమని రూలే ఉంది, "బాటమ్ లైన్ అప్ ఫ్రంట్", పొట్టిగా బ్లఫ్ అంటారు. ఇక మన "డూ ది నీడ్‌ఫుల్" చూస్తే ఇక్కడోళ్లు నన్ను పిలిచి అడుగుతారు, ఇంతకీ ఏం చెయ్యమంటున్నారని.

పాత క్యాషియరు:
పొట్టిగా రాయడం మీరేం కొత్తగా కనిపెట్టలేదు నాయనా. టెలిగ్రాంకి మాటల లెక్కన డబ్బు కట్టినవాళ్లం. "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని వచ్చేది. ఆయన ఉన్నాడో పోయాడో ఊరు చేరేదాకా తెలీదు. అసలు టెలిగ్రాం అంటేనే, విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలు. 2013 జూలైలో మూసేశారు, పీడా పోయింది. అదే ఉత్తరమైతే ఉభయకుశలోపరి అన్నాకే విషయం. ఏజెంటు ఆఫీసులో ఉన్నదీ మనిషే కదా. రేపు కంటైనర్ ఇరుక్కుంటే ఫోన్ ఎత్తాల్సింది అతనే.

మైక్ మ్యూట్:
పొట్టిగా ఉంటే స్పష్టంగా ఉన్నట్టేనా? మా లీడ్ ముప్పై మెయిళ్ల గొలుసు ఫార్వర్డ్ చేసి పైన "ప్లీజ్ చెక్" అని పెడతాడు. ఏది చెక్ చెయ్యాలి? ఎవరు చెయ్యాలి? మెయిల్ "టూ" గడిలో ఆరుగురం. పక్కోడు చూస్తాడులే అని ఆరుగురమూ ఊరుకున్నాం. శుక్రవారం సాయంత్రం అందరికీ కలిపి అక్షింతలు పడ్డాయి.

డల్లాస్ నాటుకోడి:
అది ఒప్పుకుంటా. పొదుపు చెయ్యకూడని చోట్లుంటాయి. 05/06 అని రాస్తే మీకు జూన్ 5, ఇక్కడ మే 6. దీని మీద ఒకసారి మా రిలీజే గల్లంతయింది. నెల పేరు అక్షరాల్లో రాస్తే అరిగిపోయేదేం లేదు. టైము పక్కన ఎవరి టైమో కూడా రాయాలి. క్యాషియర్ గారూ, పలకరించొద్దని నేననట్లేదండీ, దాన్ని చివరికి తొయ్యమంటున్నా.

పాత క్యాషియరు:
చేతిలో ఉన్న పని అయిపోయాక బాగున్నారా అని అడిగితే దాన్ని పలకరింపు అనరు బాబూ.

మిర్చియార్డు:
కథ ముదిరింది. మేనేజరు గారి మెయిలే వెళ్లింది. ఇప్పుడే ఏజెంటు జవాబు: "మేమంతా బాగున్నాం సార్. సరైన పేరేంటో చెప్పలేదు." పద్నాలుగు లైన్ల హడావుడిలో ఆ పేరే ఎగిరిపోయింది! ఓడ కదిలాక మార్చాలంటే మళ్లీ ఫీజు. నేనే ఇంకోటి పంపాను: "నమస్తే అండీ. తప్పు మాదే", కింద పేరు, గడువు. అంతే. పలకరింపు ఒక్క ముక్క ఉంచాను, క్యాషియర్ గారి కోసం.

పాత క్యాషియరు:
సంతోషం. సబ్జెక్టులో కంటైనర్ నంబరు వేశావా?

మిర్చియార్డు:
...లేదండీ.