అప్‌డేట్: వెనక బ్రేక్ రోటర్ ఎట్టకేలకు ఊడింది

పోయిన వారం అడిగింది నేనే. 2008 మోడల్ కారు, ఏళ్ల తరబడి ఒహాయో చలికాలాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తిన్నది, కుడి వెనక రోటర్ (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్క్) సుత్తితో ఎంత కొట్టినా కదలట్లేదని. శనివారం వచ్చేసింది.

తప్పు నాదే. తుప్పు ఒక్కటే అనుకుని బాదుతూ కూర్చున్నా. ఈ కారుకి హ్యాండ్‌బ్రేక్ షూలు (లోపలి నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కలు) రోటర్ మధ్యలో డ్రమ్ములాంటి భాగంలో ఉంటాయి. అక్కడ అరిగి అరిగి లోపల అంచున సన్నటి గట్టు ఏర్పడింది, షూలు దానికి తగులుకున్నాయి. హ్యాండ్‌బ్రేక్ దించాను కానీ షూలని బిగించే, వదులుచేసే అడ్జస్టర్ సంగతే మర్చిపోయా. రోటర్ మీది రబ్బరు బిళ్ల పీకి, టార్చ్ వేసి చూస్తే అడ్జస్టర్ పళ్ల చక్రం కనబడింది. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్నూ జరిపా. మొదట తప్పు వైపు తిప్పి ఇంకా బిగించానండోయ్! రోటర్ చేత్తో కూడా తిరగకపోయేసరికి అర్థమైంది.

షూలు వదులయ్యాక, పోయిన వారం మీరు చెప్పిన చిట్కా: బోల్టులు బిగించి రోటర్‌ని హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మీంచి తోసేయడం. రోటర్‌లో థ్రెడ్ ఉన్న రెండు చిల్లుల్లో 8 ఎంఎం బోల్టులు, 1.25 ఎంఎం పిచ్‌వి (థ్రెడ్ల మధ్య దూరం), ఎక్కించి అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు బిగించుకుంటూ పోయా. కాసేపటికి ‘టప్’మని శబ్దం. ఎర్రటి తుప్పు పొడి ప్యాంటంతా రాలింది.

హబ్‌ని వైర్ బ్రష్‌తో గీకి, యాంటీ సీజ్ (మళ్లీ తుప్పుతో అతుక్కోకుండా రాసే పేస్టు) పల్చగా రాసి కొత్త రోటర్ వేశా. ఎడమవైపు నలభై నిమిషాల్లో అయిపోయింది. హ్యాండ్‌బ్రేక్ మాత్రం ఇంకా కాస్త లూజుగానే ఉంది, ఆదివారం చూడాలి.