ఉమ్మడి ఫ్రిజ్‌లో ఇంటి వంట పెట్టనివ్వాలా, వద్దా?

పందిరి రాశారు:

మా వీధివాళ్లం కలిసి అందరికీ తెరిచి ఉండే ఒక ఫ్రిజ్ పెట్టాలని చూస్తున్నాం. ఎక్కువైనవాళ్లు పెడతారు, కావలసినవాళ్లు తీసుకుంటారు, ఎందుకని ఎవరూ అడగరు. చోటు దొరికింది. కరెంటు ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు. పేచీ అంతా ఒక్కదాని దగ్గరే వచ్చింది: ఇంట్లో వండినవి పెట్టనివ్వాలా, వద్దా?

నేనైతే పెట్టనివ్వాలనే అంటాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో పోయిందే. హోటళ్లు, క్యాంటీన్ల వాటా 28 శాతం, దుకాణాలది 12 శాతం. సగానికి పైగా పారేస్తున్నది మన వంటిళ్లలోనే అయినప్పుడు, ఆ వంటింటి తిండికే తలుపు మూసేస్తే ఇంక ఫ్రిజ్ ఎందుకు?

ఉప్పురాయి రాశారు:

వద్దనే నా మాట. ముందు ఆ 60 శాతం గురించి. ఆ లెక్కలో తొక్కలు, ఎముకలు లాంటి తినని భాగాలు కూడా కలిసే ఉన్నాయి. అదంతా పంచుకోగలిగిన తిండి అనుకోకూడదు.

ఇక అసలు సంగతి. వండినదాన్ని 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉంచాలి, 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉంచాలి. ఈ రెంటి మధ్యే బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. అందుకే వండింది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫ్రిజ్‌లో కనబడ్డ గిన్నె పొయ్యి దిగిన కాసేపటికే వచ్చిందో, పొద్దున్నుంచి బల్ల మీదే ఉండి వచ్చిందో ఎవరికి తెలుసు? వాసన చూస్తే తెలుస్తుందని చాలామంది నమ్మకం. అన్నిసార్లూ తెలియదు. మళ్లీ మరిగిస్తే సరిపోతుందన్నది కూడా ప్రతిసారీ నిజం కాదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా బతుకుతాయి. అన్నం లాంటివి బయట ఉండిపోతే అవి మొలకెత్తి పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం వేడికి పోదు. చేతుల నుంచి, ముక్కు నుంచి తిండిలోకి చేరే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషమూ అంతే.

లిస్టీరియా అనే బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్‌ చల్లదనంలోనూ నెమ్మదిగా పెరుగుతుంది. గర్భిణులకు, పెద్దవయసు వాళ్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. బ్రిటన్‌లో ఇలాంటి ఫ్రిజ్‌ల సమూహాన్ని నడిపించే హబ్బబ్ సంస్థ ఇళ్లలో వండినవి తీసుకోవద్దనే చెబుతుంది. తిండి పంచడం ఇష్టం లేక వాళ్లు ఆ మాట చెప్పలేదు కదా.

గడపదీపం రాశారు:

ఉప్పురాయి గారూ, మీరు చెప్పిన సైన్సుతో నాకు పేచీ లేదు. కానీ పొయ్యి లేనివాళ్ల ఊసే ఎవరూ ఎత్తలేదు. వండుకోనివ్వని గదిలో అద్దెకుండేవాళ్లు, రెండు షిఫ్టులు చేసి అర్ధరాత్రికి ఇల్లు చేరేవాళ్లు, చేతులు వణికి కత్తి పట్టుకోలేని పెద్దవాళ్లు ఉన్నారు. వీళ్లకు పచ్చి కూరగాయలు, పిండి ప్యాకెట్టు ఇచ్చి ఏం చేసుకోమంటాం? ఆకలి వేసినప్పుడు వాళ్లకు కావలసింది అప్పటికప్పుడు తినగలిగేది.

స్పెయిన్‌లోని గాల్డకావో పట్టణంలో 2015లో వీధిలో ఇలాంటి ఫ్రిజ్ పెట్టారు. పచ్చి మాంసం, చేపలు, గుడ్లు వద్దన్నారు. ఇంట్లో వండినదాన్ని మాత్రం ఎప్పుడు వండారో చీటీ అంటించి పెట్టమన్నారు. అంటే రిస్కు ఎక్కడుందో చూసుకుని గీత గీశారు. మనం ఆ గీత కూడా గీయకుండానే మొత్తం కాదంటున్నాం.

పైగా తిండి పంచుకోవడం కడుపు నింపడానికి ఒక్కదానికే కాదు. ఎదురింట్లో ఎవరున్నారో తెలియకుండా ఏళ్లు గడిపేస్తున్నాం. ఒక గిన్నె అటూ ఇటూ తిరిగితే పలకరింపులు మొదలవుతాయి.

తాళపత్రం రాశారు:

చట్టం గురించి రెండు ముక్కలు. అమెరికాలో 1996 నుంచి మంచి ఉద్దేశంతో తిండి దానం చేసేవాళ్లకు చట్టరక్షణ ఉంది. తీవ్రమైన నిర్లక్ష్యం, కావాలని చేసిన హాని దానికి మినహాయింపు. మొదట్లో లాభాపేక్ష లేని సంస్థల ద్వారా పంచినదానికే ఆ రక్షణ ఉండేది. 2023 జనవరిలో వచ్చిన సవరణతో దుకాణాలు, హోటళ్లు, రైతులు లాంటివాళ్లు నేరుగా ఇచ్చినా వర్తిస్తోంది. ఆ జాబితాలో మామూలు ఇల్లు లేదు. బెర్లిన్‌లో 2016లో అధికారులు ఉమ్మడి ఫ్రిజ్‌లను తిండి వ్యాపారాల కింద లెక్కగట్టేసరికి పెద్ద గొడవే అయింది. గాల్డకావోలో ఊరి పాలకులే ఆ ఫ్రిజ్‌కు ప్రత్యేక హోదా ఇచ్చారు కాబట్టి అక్కడ అది కుదిరింది. కాబట్టి ఫ్రిజ్ కొనే ముందు మీ చోట ఉన్న ఆహార భద్రత అధికారిని కలవండి. వెళ్లి అడిగినవాళ్లకు చాలాసార్లు వాళ్లే దారి చూపిస్తారు.

పిచ్చుకగూడు రాశారు:

ఇలాంటి ఫ్రిజ్ ఒకటి నడిపే బృందంలో ఉన్నాను. ఇంటి వంటా, ప్యాకెట్లా అన్నది తర్వాత. ముందు రోజూ తలుపు తీసి చూసేదెవరో తేల్చుకోండి. తిండికి కరువు రాదు, మొదట్లో ఫ్రిజ్ కిక్కిరిసిపోతుంది కూడా. కరువు వచ్చేది మనుషులకే.

పని ఎలా ఉంటుందో చెబుతాను. మధ్య అరలో ఒక నీళ్ల గ్లాసు పెట్టి అందులో థర్మామీటర్ ఉంచుతాం. తలుపు తీసిన ప్రతిసారీ లోపలి గాలి వేడెక్కి అంకె ఎగిరిపడుతుంది. నీళ్లలో ఉంచినదైతే తిండి నిజంగా ఎంత చల్లగా ఉందో దాదాపు అంతే చూపిస్తుంది. ఇక తలుపు అంచున ఉండే రబ్బరు. దాని మడతల్లోకి కారిన రసమంతా చేరి నల్లగా బూజు పడుతుంది. అందులో చిన్న ముక్క ఇరుక్కున్నా తలుపు పూర్తిగా పడదు, తెల్లారేసరికి లోపలున్నవన్నీ పారబోయాల్సి వస్తుంది. అందుకే అరల కన్నా ముందు ఆ మడతలు వేలితో విప్పి తుడుస్తాం. చీటీలకు మామూలు కాగితం పనికిరాదు, తడికి ఊడిపోతుంది. పేపర్ టేపు మీద మార్కరుతో రాసింది నిలుస్తుంది. దాన్ని మూతకు కాకుండా గిన్నెకు అంటించాలి, ఎందుకంటే మూతలు మారిపోతాయి. టేపు, మార్కరు రెండూ ఫ్రిజ్ పక్కనే దారంతో కట్టేశాం.

తేదీలు చూడటం కూడా ఒక పనే. ఫలానా తేదీలోపు తినేయాలి అని ఉన్నది ఆ తేదీ దాటితే బయటికే. ఫలానా తేదీ వరకు నాణ్యంగా ఉంటుంది అని ఉన్నది దాటినా సరిగ్గా నిల్వ చేసి ఉంటే సాధారణంగా తినొచ్చు. ఈ తేడా తెలియక మంచివి పారేసేవాళ్లూ ఉన్నారు, పారేయాల్సినవి ఉంచేసేవాళ్లూ ఉన్నారు.

మా ఫ్రిజ్‌లో ఇంటి వంట తీసుకోం. దాని బదులు అనుమతి ఉన్న ఒక వంటశాలలో వారానికి ఒక పూట అందరం కలిసి వండి, వేడిగా అక్కడే వడ్డిస్తాం. ఇంట్లో మిగిలినదాన్ని చేతికి చేతికి ఇచ్చుకోమంటాం. ఎదురుగా మనిషి ఉంటే ఎప్పుడు వండారు, ఇందులో వేరుశనగ ఉందా అని అడగొచ్చు. ఫ్రిజ్‌లో ఉన్న గిన్నెను అడగలేం. అలర్జీ ఉన్నవాళ్లకు ఆ ఒక్క ప్రశ్న ఎంత ముఖ్యమో నేను చెప్పక్కర్లేదు.

సాయం చేస్తామని వచ్చేవాళ్లలో ఎక్కువమంది సంచి నిండా ఏదో ఒకటి పట్టుకొస్తారు. వాళ్లను తప్పుపట్టను. కానీ రాత్రి దుకాణం మూసే వేళకు వెళ్లి మిగిలినవి ఐసు పెట్టెలో తెచ్చేవాళ్లు, కరెంటు బిల్లులో వాటా వేసుకునేవాళ్లు, కొత్తగా వచ్చి ఉంటున్నవాళ్ల భాషలో బోర్డు రాసిపెట్టేవాళ్లు దొరికిన రోజున ఫ్రిజ్ నిజంగా నడుస్తుంది.

గడపదీపం రాశారు:

పిచ్చుకగూడు గారూ, మీ మాటకు గౌరవం ఉంది. కానీ వారానికి ఒక పూట వండితే మిగతా పూటలు ఎలా? చేతికి చేతికి ఇచ్చుకోమంటే, అడగడానికి మొహమాటపడేవాళ్లు ఎలా తీసుకుంటారు? ఎవరూ చూడని వేళలో వచ్చి తీసుకెళ్లగలగడమే ఈ ఫ్రిజ్ గొప్పతనం. దాన్ని మాత్రం వదులుకోవద్దు.

ఉప్పురాయి రాశారు:

ఆ మొహమాటం మాట నిజమే, దాన్ని నేనూ కాదనను. మధ్యే మార్గం ఒకటి చెబుతాను. ఆ అనుమతి ఉన్న వంటశాలలోనే కాస్త ఎక్కువ వండి, వెడల్పాటి పళ్లాల్లో పల్చగా పరిచి త్వరగా చల్లార్చి, ఒక్కొక్కరికి సరిపడా డబ్బాల్లో సర్ది, తేదీ, ఏమేం వేశారో రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. లోతైన గిన్నెలో చల్లారడానికి గంటలు పడుతుంది, ప్రమాదమంతా అక్కడే. చీటీ మీద రాసిన గడువు దాటగానే నిర్మొహమాటంగా తీసేయాలి. ఇలాగైతే పొయ్యి లేనివాళ్లకూ తిండి అందుతుంది, నాకూ టెన్షన్ ఉండదు. చల్లార్చే పనికి నేను వస్తాను.

పందిరి రాశారు:

ఉప్పురాయి గారు చెప్పింది మావాళ్లకు చదివి వినిపించాను. ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఇంటి వంట వద్దన్నందుకు ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, వాళ్లతో మళ్లీ మాట్లాడాలి. వంటశాల కోసం ఒక సంఘం భవనాన్ని అడుగుతున్నాం. ఆహార భద్రత అధికారిని కలిసే బాధ్యత నాది.

గడపదీపం గారి ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. రాత్రంతా ఫ్రిజ్ అందరికీ అందుబాటులో ఉండాలంటే పడుకునే ముందు ఒకరు, తెల్లవారగానే ఒకరు వచ్చి చూడాలి. పొద్దుటి పనికి పేర్లు వచ్చాయి. రాత్రి పనికి శని, ఆదివారాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అవి నిండేదాకా ఫ్రిజ్ ఆన్ చేయం. దగ్గర్లో ఉండి రాగలిగినవాళ్లు ఇక్కడే కింద రాయండి.