అంగన్‌వాడీ టీచర్‌ను రెగ్యులర్ చేయాల్నా? సెంటర్‌ల మూడో మనిషిని పెట్టాల్నా?

హన్మకొండ చౌరస్తా:
టీచర్లను రెగ్యులర్ చేయమని వినతిపత్రం రాస్తున్న. అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న మొదలైంది. అప్పటిసంది అంగన్‌వాడీ టీచర్‌కు వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. మన తెలంగాణల 2021 పెంపుతో టీచర్‌కు 13,650, ఆయాకు 7,800 అయింది. 2023 సెప్టెంబర్ సమ్మెల కూడా రెగ్యులర్ చేయమనే అడిగిన్రు. పొద్దంతా సెంటర్‌ల ఉండే ఆడమనిషి ఫుల్‌టైమ్ ఉద్యోగి కాకుంటే ఇంకెవరు?

నర్సంపేట రోడ్డు:
కోరిక న్యాయమైందే, కానీ చిక్కు ఉంది. ఇది సివిల్ పోస్టు, అంటే ప్రభుత్వోద్యోగం, కాదని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెగ్యులర్ అంటే పోటీ పరీక్ష, రిజర్వేషన్ రోస్టర్, బదిలీలు వస్తాయి. లంబాడా తండాలో మూడేళ్ల పిల్లకు ఇంట్లో వినపడేది తెలుగు కాదు. ఆ భాష వచ్చిన టీచరమ్మను బదిలీ చేసి పట్నం నుంచి ఇంకొకరిని పంపితే ఆ పిల్ల నోరు విప్పదు.

కాకతీయ కాలువ:
అన్నా, 2006 కాడనే ఆగొద్దు. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో అదే కోర్టు ఈ పని పార్ట్‌టైమ్ అన్న వాదనను ఒప్పుకోలేదు. 1972 గ్రాట్యుటీ (పని వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఒకేసారి ఇచ్చే పైసలు) చట్టం వీళ్లకూ వర్తిస్తదని చెప్పింది. చట్టం లెక్క ప్రకారం చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణించాలె. 13,650 మీద ఏడాది సర్వీసుకు 7,875, ఇరవై ఏళ్లకు 1,57,500. తండా సంగతంటరా, ఊరే యూనిట్‌గా బదిలీ లేని కేడర్ రాసుకోవచ్చు.

వర్ధన్నపేట అక్క:
హోదా రావాల్సిందే. కానీ వచ్చిన మర్నాడు కూడా సెంటర్‌ల అదే ఇద్దరుంటే పిల్లలకు చదువు అందదు. 2023ల వచ్చిన కేంద్రం కార్యక్రమం 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణతో పాటు చదువు) రోజుకు కనీసం 2 గంటలు ప్రీస్కూల్ చెప్పమంటది. ఆ 2 గంటలు ఎటు పోతున్నయో చూడండి.

ఎత్తు కొలిచే రోజు తీసుకోండి. రెండేళ్లలోపు పిల్లను పండబెట్టి కొలవాలె, రెండేళ్లు నిండితే నిలబెట్టి. చెప్పులు విప్పాలె, పిలకకున్న రబ్బరు తీయాలె, మడమలు ఆనాలె. మోకాళ్లు ఒకరు పట్టుకుంటే రీడింగ్ ఇంకొకరు చూడాలె, అంటే ఆయా పొయ్యి కాడ ఉండదు. నిలబడనని ఏడ్చే మూడేళ్ల పిల్లను పండబెట్టి కొలిస్తే 0.7 సెంటీమీటర్లు తీసేయాలె. అది మరిస్తే గిడసబారిన, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేని, పిల్ల పోషణ్ ట్రాకర్ యాప్‌ల నార్మల్ అని పడొచ్చు.

మధ్యాహ్నం ఆరోగ్యలక్ష్మి పథకం భోజనం. గర్భిణికి, బాలింతకు అన్నం, పప్పు, గుడ్డు, 200 మి.లీ. పాలు. ఇంటికిచ్చే సరుకుకు తల్లి ముఖం ఫోన్‌ల పట్టాలె. ఓటీపీ పోయే సిమ్ భర్త దగ్గరుంటే ఆ పని అక్కడనే ఆగుతది. గింజలు ఏరుడు, పూసలు గుచ్చుడు, పాట, కథ అన్నీ పక్కకు పోతయి. మూడేళ్ల పిల్లకు అసలు చదువు అదే, పలక మీద అఆలు దిద్దించుడు కాదు.

నర్సంపేట రోడ్డు:
ఒప్పుకుంటాను అక్కా. ఇంకోటి కూడా ఉంది. పత్తి ఏరేటప్పుడు, మిర్చి ఏరేటప్పుడు తల్లులు తెల్లారకముందే ఆటో ఎక్కి చీకటిపడ్డాక దిగుతారు. 4 గంటలకు సెంటర్ మూస్తే పిల్లను ఎవరు చూడాలి?

వర్ధన్నపేట అక్క:
అందుకే మూడో మనిషి అంటున్న. ఆమె డ్యూటీ 11 నుంచి 6 దాక: కొలతలు, యాప్, సాయంత్రం పిల్లలు. 9 నుంచి 11 దాక టీచర్ ఫోన్ ముట్టొద్దు. ఇంటర్ చదివినోళ్లకు 6 నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువైతే ఏడాది డిప్లొమా అని 2020 జాతీయ విద్యా విధానంలనే ఉన్నది. ఆ శిక్షణను డ్యూటీగా లెక్కించాలె.

హన్మకొండ చౌరస్తా:
వినతిపత్రం మార్చి రాస్తున్న. రెగ్యులర్ కేడర్, ఊరే యూనిట్. దాని కిందనే మూడో పోస్టు, 11 నుంచి 6.